పడమటి గదిలో పగటి నిద్ర

నా వీడ్కోలు సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఒకటే కథ చెప్పారు, ముగ్గురూ తప్పే చెప్పారు. వాళ్ల కథ ఇది: బాయిలర్ ఆపరేటర్ భార్య ఒకామె, మొగుడు పగలు నిద్రపోవడం కోసం ఇంట్లో అమ్మవారు పోసిందని అబద్ధమాడి కాలనీనంతా మోసం చేసింది. వెల్ఫేర్ ఆఫీసర్‌గా ఉన్న నేను, షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోటో ఒకటి తీసి, దాంతో ఆయన్ని బెదిరించి, ఆపరేటర్ పని పోకుండా కాపాడాను. హాలంతా నవ్వింది. మెడలో దండ వేసుకుని మైకు లాక్కుంటే బాగుండదని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు దండ లేదు.

నేను పనిచేసింది పాల్వంచ దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద ఉన్న ఒక ఫ్యాక్టరీలో. పేరు అనవసరం. బాయిలర్ ఉంది, పొగగొట్టం ఉంది, మూడు షిఫ్టులు ఉన్నాయి, షిఫ్టుల వాళ్లు ఉండడానికి కాలనీ ఉంది. ఖమ్మంలో డిగ్రీ, వరంగల్‌లో సోషల్ వర్క్ చదివి అక్కడ చేరాను. వెల్ఫేర్ అంటే ఏం పని మేడమ్ అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుండేవాళ్లు. క్యాంటీన్ సాంబారులో పప్పు కనిపించకపోయినా, క్వార్టర్ కప్పు కారినా, మొగుడూ పెళ్లాం కొట్టుకున్నా మన దగ్గరికే వస్తారు. మనకు అధికారం ఉండదు, నోరు మాత్రం ఉంటుంది. నాకు అది కాస్త ఎక్కువే ఉందని మా మేనేజర్ ప్రతి మీటింగులోనూ గుర్తు చేసేవాడు.

ఆ ఏడాది ఎండలు మీకు చెప్పనక్కర్లేదు. ఈ వైపు వేసవి ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకు తెలుసు, మిగతావాళ్లు నమ్మరు. మనుషులు తక్కువై, బాయిలర్ మీటర్లూ స్విచ్చులూ ఉండే ప్యానెల్ ముందు కూర్చునే ఒక ఆపరేటర్‌కు వరసగా నైట్ షిఫ్టులు పడ్డాయి. భద్రాచలం రోడ్డు నుంచి లోపలికి, అడవిలో ఉన్న ఊరు అతనిది. ఐటీఐ చదివి, అప్రెంటిస్ చేసి, వాళ్ల ఊరి నుంచి ప్యానెల్ దాకా వచ్చిన మొదటి మనిషి. మితభాషి. పనిలో వంక పెట్టడానికి లేదు. అలాంటి మనిషి ఒక తెల్లవారుజామున ప్యానెల్ ముందు తల వాల్చేశాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి చూశాడు.

ఇన్‌చార్జిని దుర్మార్గుణ్ణి చేసి చెప్పడం కూడా ఆ కథలో భాగమే. నేను ఒప్పుకోను. బాయిలర్‌లో నీటి మట్టం పడిపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. అందుకే మేనేజర్ గదిలో నా ముందే అన్నాడు: "ఇంకొక్కసారి కన్ను మూసిండంటే ప్యానెల్ మీదికెల్లి తీసేస్త. బూడిద యార్డుకు పంపిస్త. మనుషుల పానాలతోటి ఆటలా?"

బూడిద యార్డుకు పోవడమంటే జీతం తగ్గడం, క్వార్టర్ ఖాళీ చేయడం, ఊరికి తిరిగి వెళ్లి ఎందుకు వచ్చావంటే జవాబు వెతుక్కోవడం.

"పగటిపూట నిద్ర పడ్తలేదు మేడమ్," అన్నాడు ఆపరేటర్ నాతో బయటకు వచ్చాక. "కండ్లు మూస్తే రెప్పల మీదికెల్లే ఎండ కనబడ్తది."

ఆ మాట ఇన్‌చార్జి చెవిన కూడా పడింది. "పొద్దంత అడవిల ఎండల తిరిగెటోళ్లకు ఎండ అడ్డమొచ్చిందా?"

"అడవిలో నీడ ఉంటది సారూ," అన్నాను. "మన కాలనీలోనే లేదు."

అతను నవ్వలేదు. నేను కూడా నవ్వించడానికి అనలేదు.

మర్నాడు ఆపరేటర్ క్వార్టర్ చూడటానికి వెళ్లాను. ముందు గుమ్మం తూర్పుకు, పడక గది పడమరకు. గదికి అద్దాల కిటికీ. ముందు గుమ్మం పైన ఒక వెంటిలేటర్, పడక గది తలుపు పైన ఇంకొకటి, రెండూ సరిగ్గా ఎదురెదురు. డ్యూటీ దిగి అతను పడుకునే వేళకు తూర్పు ఎండ ఆ రెండు సందుల్లోంచి దూరి నేరుగా మంచం మీద పడుతుంది. మధ్యాహ్నం దాటాక కిటికీ అందుకుంటుంది. ఆ ప్లాను గీసినాయన జీవితంలో ఒక్క నైట్ షిఫ్ట్ చేయలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

ఆపరేటర్ భార్య ఇరవై ఐదేళ్ల లోపు పిల్ల. సన్నగా, గట్టిగా ఉంటుంది. అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది. "మీ ఊళ్లో పగలు ఎట్ల పడుకునేవాళ్లు?" అని అడిగాను.

"మా ఇంటికి కిటికీలే లేవు మేడమ్," అంది.

ఇక మొదలయ్యాయి మా ప్రయోగాలు. మొదట ఆమే అద్దాలకు మైదా జిగురుతో పాత పేపర్లు అంటించింది. గది చీకటి కాలేదు, పసుపుపచ్చగా అయింది. పైగా అతను మంచం మీద పడుకుని కిటికీకి ఉన్న వార్తలన్నీ చదివేశాడు.

తర్వాత కాలనీ మెయింటెనెన్స్ ఇంజనీర్ రంగంలోకి దిగాడు. మధిర వైపు కుర్రాడు. మెత్తగా మాట్లాడతాడు, మొండిగా పనిచేస్తాడు. నల్ల ప్లాస్టిక్ షీట్ తెచ్చి కిటికీకి లోపలి వైపు చుట్టూ మేకులు కొట్టించాడు. "చూడండి మేడమ్, సినిమా హాలు లాగా అయిపోయిందండీ," అన్నాడు. కిటికీ వైపు చీకటి అయిన మాట నిజమే. మధ్యాహ్నానికి ఆపరేటర్ చెమటతో తడిసి, బనీను పిండుకుంటూ బయటకు వచ్చాడు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక షీటు దాన్ని ఆపి గదిలోనే పెట్టింది. గాలి రావడానికి మేకు సందు కూడా లేదు.

"తమ్ముడూ, నువ్వు చీకటి చేసినవా, పొయ్యి పెట్టినవా?" అన్నాను.

"చీకటి కావాలన్నారు గానీ చల్లదనం కావాలని మీరు రాయలేదండీ."

ఇద్దరం వరండాలో నిలబడి బాగా పోట్లాడుకున్నాం. ఆ పోట్లాటలోనే ఒక సంగతి తేలింది, అది ఎవరి తెలివీ కాదు. ఎండను అద్దం బయటే ఆపాలి, వెలుతురును లోపల ఆపాలి, గాలిని ఎక్కడా ఆపకూడదు. మా కారేపల్లి ఇంట్లో నాన్న పడమటి వసారాకు గోనెపట్టాలు వేలాడదీసి నీళ్లు చల్లేవాడు. నేను ఆ మాట అన్నాను. గోనెపట్టాలు కాలనీలో బాగుండవని ఇంజనీర్ అన్నాడు. తాటాకు తడిక కడతానని ఆపరేటర్ భార్య అంది. నిప్పురవ్వ పడితే అంటుకుంటుందని, రూల్సు ఒప్పుకోవని అన్నాడు. చివరికి అశ్వారావుపేట వైపు పామాయిల్ నర్సరీల్లో మొక్కలకు నీడగా కట్టే ఆకుపచ్చ వల తెప్పించి, వెదురు చట్రానికి రెండు పొరలుగా బిగించి, కిటికీకి బారెడు దూరంలో నిలబెట్టాం.

"పెద్దవాళ్ల విజిట్ ఉందండీ. కాలనీ ముఖం పాడవుతుంది."

"కాలనీ ముఖం తూర్పున ఉంది తమ్ముడూ. ఇది వీపు."

లోపలికి మందమైన గుడ్డ, రెండు వరసలు కలిపి కుట్టించాం. ఇక్కడ కొత్తగా చేరిన పిల్లలకు ఒక ముక్క చెప్పాలి, మీకూ షిఫ్టులు తప్పవు కాబట్టి. కర్టెన్ మందంగా ఉంటే దాని మధ్యలోంచి వెలుతురు రాదు గానీ, అంచుల్లోంచి వస్తుంది. అందుకే కడ్డీ కిటికీ కంటే రెండు వైపులా జానెడు పొడుగ్గా ఉండాలి, గుడ్డ నేల దాకా దిగాలి, పైన కడ్డీకీ గోడకీ మధ్య ఉన్న సందును ఒక చెక్కతో మూయాలి. ఇంత చేశాక, ఆ వెంటిలేటర్ల వెలుతురు లేకపోతే, ఆ గదిలో మన చెయ్యి మనకు కనబడేది కాదు. వాటిని అట్టముక్కలతో మూద్దామంటే గాలి ఆగిపోతుంది. తర్వాత చూద్దాం అనుకున్నాం.

అయినా అతనికి నిద్ర పట్టలేదు.

కారణం కనుక్కోవడానికి ఒక పొద్దున్న వాళ్ల వరండాలో కూర్చున్నాను. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. గ్యాస్ బండ వాడు గేటును బండతోనే కొట్టాడు. కూరగాయల ఆటో మైకులో టమాటా ధర చెప్పింది. పిల్లలు గోడకేసి బంతి కొట్టారు. పక్క క్వార్టర్ ఆమె మిక్సీ వేసింది. ఆ మిక్సీ మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది, మా ఫ్యాక్టరీలో ఏ మోటారూ అంత చప్పుడు చేయదు. తాలింపు ఘాటు గోడ దాటి వచ్చేసరికి లోపల ఆపరేటర్ తుమ్మడం వినబడింది.

పక్కింటామెను అడిగాను. పెద్ద గొంతు, పెద్ద మనసు, రెండూ ఒకేసారి పనిచేస్తాయి ఆమెకు. "ఏం జెయ్యమంటరు మేడమ్? మా ఆయన గూడ షిఫ్టే. ఆయన పండుకున్నడని నేను వంట బంద్ పెడ్తనా? మొగోళ్లు అలవాటు చేసుకోవాలె." కాలనీ వాట్సాప్ గ్రూపులో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టాను, పగలు కాస్త నెమ్మదిగా ఉండమని. చాలా మంది దండాలు పెట్టే బొమ్మ పంపించారు. మర్నాడు బంతి ఇంకా గట్టిగా తగిలింది.

తర్వాత ఒక ఉదయం ఆ వీధి మొత్తం మూగబోయింది.

నేను ఆ దారినే ఆఫీసుకు వెళ్తాను కాబట్టి గమనించాను. పిల్లలు లేరు. గ్యాస్ బండ వాడు గేటు దాకా వచ్చి, పైకి చూసి, చెప్పులు విడిచి, బండిని తోసుకుంటూ వెనక్కి వెళ్లాడు. మిక్సీ లేదు, తాలింపు వాసన లేదు. ఆపరేటర్ వాళ్ల గేటు మీద ఎవరో పెరుగన్నం గిన్నె, కొబ్బరిబొండాం పెట్టి పోయారు. అప్పుడు తలెత్తి చూశాను. ముందు గుమ్మం పైనున్న వెంటిలేటర్ నిండా పచ్చని వేపమండలు.

మన వైపు గుమ్మానికి వేపమండ కనబడితే అర్థం ఒకటే. ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసింది. ఇక ఆ ఇంటి తలుపు తట్టరు, గట్టిగా మాట్లాడరు, చుట్టుపక్కల తాలింపు వేయరు, మాంసం వండరు. ఎవరికి పోసిందని అడగరు కూడా. తల్లి వచ్చిన ఇంటిని ఆరా తీయకూడదు. ఇంజనీరింగు చదివినవాళ్లు, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లు ఉన్న కాలనీ అది. ఒక్కరూ అడగలేదు. గ్రూపులో నేను మర్యాదగా బతిమాలితే రాని నిశ్శబ్దం, ఆకులకు వచ్చింది. నేనూ అడగలేదు. టీకాలు అయ్యాయా అని నర్సుకు ఫోన్ చేద్దామనుకుని, ఏదో మొహమాటం వచ్చి మానేశాను. చదువు ఎంత లోతుకు దిగిందో అలాంటప్పుడే తెలుస్తుంది.

ఆపరేటర్ మాత్రం నిద్రపోయాడు. డ్యూటీకి వచ్చినప్పుడు మొహం తేటగా ఉండేది. ప్యానెల్ మీద వేళ్లు చురుగ్గా కదిలేవి. కానీ తోటివాళ్లకు ఆ తేటదనం కాదు, వేపమండ కనబడింది.

"ఇంట్ల తల్లి పోసుకున్నోడు ఏసీ రూముల మా పక్కపొంటి కూసుంటే మాకు అంటదా?" అని ఒకరు, "పోయి అడిగితే ఆ తల్లికి కోపమొస్తదేమో" అని ఇంకొకరు. ఎవరూ అతన్ని నేరుగా అడగలేదు. అందరూ వెళ్లి ఇన్‌చార్జికి చెప్పారు. ఇన్‌చార్జి వెళ్లి మేనేజర్‌కు చెప్పాడు: అంటురోగం దాచి డ్యూటీకి వస్తున్నాడు, తీసెయ్యాలి.

ఇప్పుడు ఆపరేటర్ ఇరుక్కున్న చోటు చూడండి. రోగం ఉందంటే, దాచినందుకు శిక్ష. లేదంటే, దేవత పేరుతో నాటకం ఆడినందుకు శిక్ష. బూడిద యార్డుకు రెండు దారులు తెరుచుకున్నాయి. మేనేజర్ ముగ్గురిని వెళ్లి చూసి రమ్మన్నాడు: మా దవాఖానా డాక్టర్, ఇన్‌చార్జి, నేను.

ఇన్‌చార్జి రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆపరేటర్ భార్య వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇన్‌చార్జి గేటు దగ్గరి నుంచే మొదలుపెట్టాడు. "ఏంది, ఎవరికి పోసింది ఇంట్ల?"

"జర మెల్లగ సారూ. పండుకున్నడు."

"ఎవరికి పోసిందని అడుగుతున్న!"

"ఎవ్వరికి పొయ్యలే."

వీధిలో అటూ ఇటూ తలుపులు కొంచెం కొంచెం తెరుచుకున్నాయి. పక్కింటామె పూర్తిగా తెరిచింది.

"పొయ్యకపోతే ఆ వేపమండలేంది?"

"గా సందులకెల్లి పొద్దుగాల ఎండ మంచం మీద పడ్తది సారూ. అట్ట పెడ్తే గాలి ఆడదు. ఆకు పెడ్తే గాలి ఆడ్తది. చెట్టు పెరట్లనే ఉన్నది."

"మరి తల్లి పోసిందని అందరికి ఎందుకు చెప్పినవ్?"

"నేనెవ్వరికి చెప్పలే."

"చెప్పకపోతే, లేదని అన్నా చెప్పాలె గద!"

ఆమె చింతపండు పళ్లెం పక్కన పెట్టింది. "నన్నెవ్వరు అడగలే సారూ. గేటు కాడికి వచ్చి, అన్నం పెట్టి, దండం పెట్టి పోయిండ్రు. మీరే మొదలు అడిగింది. అడిగిండ్రు, చెప్పిన."

డాక్టర్ పెద్దాయన. దగ్గొచ్చినట్టు చేసి నవ్వు ఆపుకున్నాడు. నేను ఆ ప్రయత్నం కూడా చేయలేదు, నవ్వేశాను. ఇన్‌చార్జి మాత్రం తగ్గలేదు. "లోపటికి పోయి చూస్త. మనిషిని లేపి ఒళ్లంత చూడాలె."

ముగ్గురం లోపలికి వెళ్లాం. గది తలుపు తీసి, వేసుకున్నాక ఏమీ కనబడలేదు. డాక్టర్ మోకాలు దేనికో తగిలింది. బయట అప్పటికే నెత్తి మాడుతోంది, లోపల మట్టికుండ పక్కన కూర్చున్నట్టు ఉంది. ఆపరేటర్ ఊపిరి నెమ్మదిగా వినబడుతోంది. డాక్టర్ సెల్‌ఫోన్ లైటు వేళ్ల మధ్య దాచి అతని ముఖం, చేతులు, వీపు చూశాడు. ఒంటి మీద ఒక పొక్కు లేదు. అతను అటు తిరిగి పడుకున్నాడు, లేవలేదు. "ఇంత నిద్రపోయే మనిషికి రోగమేముందయ్యా," అని డాక్టర్ గుసగుసగా అన్నాడు.

ఇన్‌చార్జి ఏమంటాడో చూద్దామని లైటు అటు తిప్పాడు డాక్టర్. గోడకు చేరేసిన ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఇన్‌చార్జి నిద్రపోతున్నాడు.

ఎప్పుడు కూర్చున్నాడో మాకు తెలియదు. కూర్చున్నవాడికి కూడా తెలిసి ఉండదు.

ఆ ఫోటో సంగతి ఇక్కడ తేల్చేస్తాను. మేం ముగ్గురం వెళ్లొచ్చాక వీధిలో వాళ్లు అల్లిన కథ అది. మనిషి చెయ్యి మనిషికి కనబడని గదిలో ఫోటో తీస్తే ఏం పడుతుంది? ఫ్లాష్ వేస్తే వాళ్లిద్దరూ లేస్తారు. అంత కష్టపడి చేసిన చీకటిని నా చేత్తో నేనే పాడుచేస్తానా? అంతకన్నా ముఖ్యం, నాకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చి ఉంటే తీసేదాన్నేమో, అది వేరే సంగతి.

తలుపు మెల్లగా మూసి బయటకు వచ్చాం. "సారు ఏడి?" అంది ఆమె. చెప్పాను. ఆమె వెళ్లి, ఎండలో ఉన్న ఇన్‌చార్జి చెప్పులు తెచ్చి నీడలో పెట్టింది. "ఎండకు కాల్తయ్. లేచినంక తొడుక్కోవాలె గద," అంది.

డాక్టర్ వెళ్లిపోయాడు. నేను కూర్చున్నాను. ఇన్‌చార్జి మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక బయటకు వచ్చాడు. కళ్లు చికిలించి, ఎండను కొత్తగా చూసినట్టు చూశాడు. నేను నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అది ఒకటి. ఆయన చెప్పులు తొడుక్కుని, గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఆమెను అడిగాడు: "గా ఆకుపచ్చ వల యాడ దొరుకుతది?"

సాయంత్రం మేనేజర్ ముందు, "డాక్టర్ రిపోర్టు ఉన్నది గద, నాకేం లేదు," అన్నాడు. ఆపరేటర్ ప్యానెల్ మీదే ఉన్నాడు. ఇన్‌చార్జి సిగ్గుపడి ఒప్పుకున్నాడని, భయపడి ఒప్పుకున్నాడని అంటారు. నేను అలా అనుకోను. ఎన్నో ఏళ్లుగా ఆ మనిషి పగలు నిద్ర అనేది రుచి చూడలేదు. ఆ కుర్చీలో చూశాడు. అంతే.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. తల్లి పోయలేదని తెలిసిన మర్నాడే కాలనీ తన గొంతు తాను తెచ్చుకుంది. బంతి, బండ, ఆటో, అన్నీ వచ్చాయి. పక్కింటామె అయితే నడుం మీద చేతులు పెట్టుకుని గోడ దగ్గరికే వచ్చింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, ఆపరేటర్ నిద్ర మళ్లీ చెడుతుందేమోనన్న భయంతో.

"అల్లం లేదు, ఎల్లిగడ్డ లేదు, కోడికూర లేదు. సప్పిడి తిండి తిన్నం మేము, ఎందుకు? నీ మొగడు గుర్రు పెట్టెటందుకా? నా పెరుగన్నం గూడ తిన్నవ్ గద పిల్లా!"

"మంచిగుండె అక్కా, పెరుగు తియ్యగుండె," అంది ఈమె. గోడ దగ్గరికి జరిగి, "మీ ఆయన గూడ నిద్రపోయిండు గద అక్కా, ఆ రోజులన్ని?" అంది.

పక్కింటామె నడుం మీది చేతులు దించింది. నిజమే. ఆమె భర్త బొగ్గు కన్వేయర్ దగ్గర అదే షిఫ్ట్. మిక్సీ ఆగిన రోజుల్లో ఆయన ఇంట్లో ఎవరినీ తిట్టలేదని, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పాడని ఆమే తర్వాత నాతో చెప్పింది. ఆ పూట మాత్రం లోపలికి వెళ్లిపోయింది. మిక్సీ మోగలేదు.

తర్వాత వచ్చిన నైట్ షిఫ్ట్ వారంలో పక్కింటి వెంటిలేటర్‌లో కూడా వేపమండ కనబడింది. ఆ తర్వాత ఎదురింట్లో. వాన పడేనాటికి కాలనీలో అదొక పద్ధతి అయిపోయింది. ఆకు ఉంటే లోపల నైట్ షిఫ్ట్ మనిషి పడుకున్నాడని లెక్క. పిల్లలు బంతి పట్టుకుని అవతలి వీధికి పోతారు, గ్యాస్ వాడు ఫోన్ చేస్తాడు. ఎవరూ సర్క్యులర్ ఇవ్వలేదు, నా మర్యాద మెసేజ్ ఎవరికీ గుర్తు లేదు. పెరట్లో వేపచెట్టు లేనివాళ్లు పక్కవాళ్లను అడిగి కొమ్మ తెచ్చుకుంటున్నారు.

వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని ఖమ్మం వచ్చేశాక, మొన్న ఒకసారి అటు వెళ్లాను. ఆపరేటర్ ఇప్పుడు కొత్తవాళ్లకు ప్యానెల్ నేర్పుతున్నాడు. ఆ పూట డ్యూటీ దిగి పడుకున్నాడు, కాబట్టి చూడలేదు. భార్య నవ్వి, గేటు దగ్గరే వేలు పెదవుల మీద పెట్టింది. వీధి పొడుగునా పచ్చని గుమ్మాలు, ఆ ఎండలో మనుషుల అలికిడి లేదు. పక్కింటామె వరండాలో కూర్చుని రోట్లో మెత్తగా, చప్పుడు లేకుండా పచ్చడి నూరుతోంది. నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం ఆమెను అడిగాను. పచ్చడి బండ పక్కన పెట్టింది. "అవ్ మేడమ్, గిది మేమెవ్వరం అనుకోలే," అని మాత్రం అంది. డాక్టర్‌ను అడిగాను, ఆయన నవ్వేశాడు. ఇంజనీర్‌కు ఫోన్ చేస్తే, "చూద్దామండీ," అన్నాడు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి: రేపు ఆ కాలనీలో ఒక ఇంట్లో నిజంగా అమ్మవారు పోస్తే, ఆ తలుపు తట్టకూడదని తెలియడానికి ఇప్పుడు గుమ్మానికి ఏం కట్టాలి?